మెడ వెనక లేబుల్

జోజో మోయెస్ రాసిన ‘మీ బిఫోర్ యు’ నవలలో ఒక కచేరీ ఉంది. చక్రాల కుర్చీలో ఉన్న విల్ ట్రేనర్‌ని, అతన్ని చూసుకునే పనికి కుదిరిన లూ క్లార్క్ అక్కడికి తీసుకెళ్తుంది. ఆమె ఎర్ర గౌను వేసుకుంది. అతను చక్కగా తయారై వచ్చాడు. కానీ మెడ దగ్గర ఏదో గుచ్చుకుంటోంది. కాలర్ లోపల లేబుల్. చెయ్యి వెనక్కి పోనిచ్చి లాక్కోలేడు. దగ్గర కత్తెర లేదు. లూ అతని మీదికి వంగి ఆ లేబుల్‌ని పళ్ళతో కొరికి తీసేస్తుంది.

మా అత్త కూడా, మెడ విరిగి మంచాన పడ్డ మామకు కొత్త చొక్కా తొడిగేముందు బ్లేడుతో లేబుల్ కోసేసేది, కుట్టు దారం కూడా మిగలకుండా. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి భుజాల కింద స్పర్శ చాలావరకు పోతుంది. తెలిసేది మెడ, ముఖం, నెత్తి. అక్కడ ఈగ వాలినా తెలుస్తుంది, తోలుకోవడానికి మాత్రం చెయ్యి రాదు. ఇలాంటి సంగతులు ఆ మంచం చుట్టూ తిరిగినవాళ్ళకే తెలుస్తాయని అనుకునేదాన్ని. ఇంగ్లండులో కూర్చుని ఒక ప్రేమకథ రాసుకుంటున్న ఆమెకు ఇది ఎలా తెలిసిందో! ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ నవలను మూడుసార్లు చదివాను. మొదటిసారి 2016లో, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ. ఒక్క రాత్రిలో అయిపోయింది, తెల్లారేసరికి దిండు తడిసిపోయింది. రెండోసారి మామ పోయాక. మూడోసారి పోయిన నెల, ఈ వ్యాసం రాయాలని. మూడుసార్లూ ఏడ్చాను, మూడుసార్లూ కోపమొచ్చింది. చదవమని ఎవరికైనా ఇవ్వాలంటే చెయ్యి ముందుకు పోదు, చదవొద్దని చెప్పడానికి నోరు రాదు. ఎందుకో చెప్పాలంటే ముగింపు కూడా చెప్పాలి. కాబట్టి చదవబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

2012లో బ్రిటన్‌లో వచ్చిన నవల ఇది. లూకి 26 ఏళ్ళు. పనిచేసే చిన్న కెఫే మూతపడుతుంది. తండ్రి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, ఇల్లంతా ఆమె జీతం మీద ఆధారపడి ఉంది. అప్పుడు దొరికిన పని ఇది, ఆరు నెలలకే. విల్‌కి 35 ఏళ్ళు. లండన్‌లో కంపెనీలు కొనీ అమ్మీ బాగా సంపాదించి, కొండలెక్కి, సముద్రాల్లో ఈది బతికినవాడు. 2007లో ఒక వానరోజు పొద్దున మోటార్‌సైకిల్ గుద్దేసింది. వెన్నుపాము మెడ దగ్గర, డాక్టర్ల లెక్కలో సి5/6 దగ్గర దెబ్బతింది. ఆరు నెలలే ఎందుకన్నది లూకి తర్వాత, చాటుగా విన్న మాటల్లో తెలుస్తుంది. స్విట్జర్లాండ్‌లో డిగ్నిటాస్ అనే సంస్థ ఉంది, చనిపోవాలని నిర్ణయించుకున్నవాళ్ళకు అక్కడి చట్టం ప్రకారం సాయం చేస్తుంది. విల్ అక్కడికి పోతానన్నాడు. తల్లిదండ్రుల కోసం ఆరు నెలలు ఆగుతానన్నాడు. ఆ ఆరు నెలల్లో అతని మనసు మార్చాలని లూ పూనుకుంటుంది. ఇద్దరికీ ప్రేమ పుడుతుంది. అయినా అతను వెళ్తాడు.

మా మామ మెడ 2008లో విరిగింది. పలమనేరు పక్కన మా అమ్మ పుట్టినూరు. అక్కడ చింతచెట్లు ఎక్కువ. కాయ పండే రోజుల్లో చెట్టెక్కి కొమ్మలు దులుపుతారు, కింద ఆడవాళ్ళు ఏరుతారు. కొమ్మ విరిగింది. అప్పటికి మామకు 33 ఏళ్ళు. చెరోపక్క ఇద్దరు పట్టుకుని, ఆటోలో కూర్చోబెట్టి, తల వేలాడుతుండగా తీసుకెళ్ళారు. మెడ కదలకుండా పలక మీద పడుకోబెట్టి తేవాలని ఆ రోజు మాలో ఒక్కరికీ తెలియదు. దానివల్ల ఎంత నష్టం జరిగిందో ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. భుజం కదిలించగలడు, మోచెయ్యి మడవగలడు, మణికట్టు కొంచెం పైకెత్తగలడు. వేళ్ళు రావు. విల్‌కి మిగిలింది కూడా దాదాపు అంతే. అందుకే ఈ పుస్తకాన్ని నేను మామూలు పాఠకురాలిలా చదవలేను.

ముందు బాగున్నవి చెబుతాను, అవి తక్కువేం కాదు. రొమాన్స్ నవలల్లో ఒళ్ళు అంటే అందం. హీరో భుజాలు, హీరోయిన్ మెడ, వేలు తగిలితే కరెంటు. ఈ నవలలో ఒళ్ళంటే పని. మందుల పెట్టె, గొట్టం, పక్క పుండ్లు, న్యుమోనియా భయం. నేతన్ అనే మగ నర్సు ఉన్నాడు, అతన్ని ఊరికే పక్కన ఉంచే పాత్రలా కాక మనిషిలా రాసింది. మంచు కురిసిన ఒకరోజు విల్‌కి జ్వరమొస్తుంది, కొత్తగా చేరిన లూకి అదేమిటో అర్థం కాదు. మెడ దగ్గర వెన్నుపాము తెగితే ఒంటి వేడి తనంతట తాను సర్దుకోదు, చెమట పట్టదు. చలికి చల్లబడిపోతుంది, వేడికి కాగిపోతుంది. మా వైపు మే నెల మధ్యాహ్నాల్లో అత్త తడి తువ్వాలు మామ ఛాతీ మీద వేసి, ఆరగానే మళ్ళీ తడిపి వేసేది. ఆరుసార్లో పదిసార్లో, లెక్కేలేదు. లూ మొదటిసారి విల్ గడ్డం గీసి జుట్టు కత్తిరించే సీను చదివితే ఆ తువ్వాలు గుర్తొస్తుంది. ఆ ఇద్దరి ప్రేమ ముద్దుతో మొదలవ్వలేదు, గడ్డం గీయడంతో మొదలైంది. ఇది రాయగలిగినందుకు మోయెస్‌కి దండం పెడతాను.

ఇంకొక సీను గుర్రప్పందేలది. విల్‌ని ఇంట్లోంచి బయటికి తీయాలని లూ ఎంతో ఉత్సాహంగా మొదటి ప్లాన్ వేస్తుంది. గడ్డిలో, బురదలో చక్రాలు కూరుకుపోతాయి. భోజనం చేద్దామంటే ఆ హాల్లోకి పాసు లేదని రానివ్వరు. రోజంతా నాశనం. చివర్లో తెలిసేదేమిటంటే విల్‌కి గుర్రప్పందేలంటే అసలు ఇష్టం లేదు. నీకేం ఇష్టమని అతన్ని ఎవరూ అడగలేదు. కుర్చీలో ఉన్న మనిషి మంచి కోరేవాళ్ళందరూ మొదట చేసే తప్పు ఇదే. మేమూ చేశాం. వినాయక చవితికి మామను వీధిలో విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాం. వచ్చినవాళ్ళందరూ దేవుడికి దండం పెట్టి, ఈయన వైపు తిరిగి అయ్యో అన్నారు. ఇంటికొచ్చాక రెండు రోజులు మామ మాట్లాడలేదు.

2015 నవంబరులో చిత్తూరు జిల్లాలో కుండపోత వానలు పడ్డాయి. ఏళ్ళ తరబడి ఎండిన మా చెరువు నిండి మొరవ పోయింది. ఈసారి మామే అడిగాడు, నన్ను తీసుకుపోండి, చూడాలని. దారి మోకాటి లోతు బురద. కుర్చీ కదలదు. నలుగురు మంచాన్నే ఎత్తుకుని కట్ట మీదికి మోశారు. గొడుగు పట్టినా తడిసిపోయాడు. నీళ్ళు మొరవ మీద దూకుతుంటే ఆ చప్పుడుకి కళ్ళు మూసుకుని, “ఇంకొంచేపు” అన్నాడు. తర్వాత వారం జ్వరం, పది రోజులు సెలైన్లు. అత్త అందరినీ తిట్టింది. మామ మాత్రం వస్తే వచ్చిందిలే జ్వరం అన్నాడు. కచేరీ అయ్యాక కారులో విల్ కూడా అప్పుడే లోపలికి వద్దంటాడు. ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయితో కచేరీకి వెళ్ళొచ్చిన మగవాడిగా ఇంకొన్ని నిమిషాలు ఉండనీ అంటాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు చెరువు కట్టే కనిపిస్తుంది.

ఇంత తెలిసిన రచయిత్రి మీద కోపం ఎందుకంటే, ఈ నవల ఎవరి కళ్ళతో సాగుతుందో చూడండి. కథ దాదాపు అంతా లూ చెబుతుంది. మధ్యలో ఒక అధ్యాయం విల్ తల్లి కమిల్లాకి, ఒకటి నేతన్‌కి, ఒకటి తండ్రి స్టీవెన్‌కి, ఒకటి లూ చెల్లెలు ట్రీనాకి ఇచ్చింది. విల్‌కి ఒక్కటీ లేదు. పుస్తకం మొదట్లో, ప్రమాదానికి ముందు, కొన్ని పేజీలు మాత్రం అతని పక్కనుంచి నడుస్తాయి. అంటే నడిచే విల్ మనసులోకి మనల్ని రానిచ్చింది. మోటార్‌సైకిల్ గుద్దిన క్షణం నుంచి ఆ తలుపు మూసేసింది. చివర్లో అతను రాసిన ఉత్తరం వస్తుంది, అప్పటికి అతను లేడు. చెల్లెలికి కూడా దొరికిన అధ్యాయం చనిపోవాలని నిర్ణయించుకున్న మనిషికి ఎందుకు దొరకలేదు? నీకేం కావాలని అతన్ని అడగకపోవడం తప్పని గుర్రప్పందేల దగ్గర చెప్పిన పుస్తకమే ఇది.

మొదటిసారి చదివినప్పుడు ఇది పట్టలేదు. లూ ఏడుపులో నా ఏడుపు కలిసిపోయింది. రెండోసారి, మామ పోయాక, పేజీ పేజీకీ విల్ కోసం వెతికాను. రాత్రి రెండు గంటలకు అందరూ పడుకున్నాక, నేతన్ వెళ్ళిపోయాక, చీకట్లో అతను ఏమనుకుంటాడు? చెవి దగ్గర దోమ వాలితే ఎవరినైనా లేపుతాడా, ఓర్చుకుంటాడా? మామ ఓర్చుకునేవాడు. పొద్దున చూస్తే ముఖం మీద దద్దుర్లుండేవి.

ఇంకొక లోటు ఉంది. అదే కుర్చీలో ఉండి బతుకుతున్న మనిషి ఈ నవలలో ఎదురుగా రాడు. విల్ మనసు మార్చే ఉపాయాల కోసం లూ ఇంటర్నెట్‌లో అలాంటివాళ్ళను సలహా అడుగుతుంది, వాళ్ళు జవాబులూ ఇస్తారు. అంతే, తెర మీద నాలుగు వాక్యాలు. వాళ్ళలో ఒక్కరైనా విల్ ముందుకు వచ్చి కూర్చోరు. నాకైతే ఇది కథ కోసం చేసిన ఏర్పాటులా అనిపిస్తుంది. వాళ్ళలో ఒకరు గుమ్మం దాటి లోపలికి వస్తే ముగింపు అంత తేలిగ్గా నడవదు. 2016లో సినిమా వచ్చినప్పుడు లండన్‌లో మొదటి ప్రదర్శన దగ్గర వికలాంగులు ప్లకార్డులతో నిలబడ్డారు. మా బతుకులు చావు కన్నా హీనమని చూపిస్తున్నారన్నది వాళ్ళ బాధ. పుస్తకంలోకి రానివ్వని మనుషులు సినిమా హాలు గుమ్మం దగ్గరికి వచ్చారని నాకనిపించింది.

చిత్తూరు దాటితే వేలూరే కాబట్టి మా వైపు వెన్నుపాము దెబ్బతిన్న ప్రతి ఇంటికీ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ దారి తెలుసు. అక్కడ మేరీ వర్గీస్ అనే డాక్టర్ ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో ఆమె నడుం కింద చచ్చుబడింది. తర్వాత తాను చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళలాంటి రోగుల కోసం పునరావాస విభాగాన్ని నిలబెట్టారు. మామ అక్కడ మూడు నెలలున్నాడు. ఆమె కథ ఎవరో చెబితే విసుక్కున్నాడట. “ఆమె డాక్టరు, నేను చింతకాయ దులిపేవాణ్ణి” అన్నాడట. ఆ విసుగు న్యాయమైనదే. గొప్పవాళ్ళ కథ చెప్పి నువ్వూ అలా ఉండు అనడం కూడా మనిషిని అడగకుండా చేసే పనే. ఆ వార్డులో మామకు పనికొచ్చింది పక్క మంచం మీది తిరువణ్ణామలై మనిషి. ఫోన్‌ను మణికట్టుతో ఎలా నొక్కాలో, చెంచాను చేతికి పట్టీతో ఎలా కట్టించుకోవాలో ఆయనే నేర్పించాడు. ఇంటికొచ్చాక మామ వేపచెట్టు కింద మంచం వేయించుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, తోతాపురి మామిడి బేరాలు ఆడేవాడు. మా తోటదే కాదు, చుట్టుపక్కల వాళ్ళదీ. జ్యూస్ ఫ్యాక్టరీ రేటు పడితే బూతులు తిట్టేవాడు. అలాంటి పక్క మంచం విల్‌కి దొరకలేదు.

డబ్బు మాటా చెప్పాలి. విల్‌ది డబ్బున్న కుటుంబం. అతని కోసం ఇంటి పక్కనే వేరుగా ఏర్పాటు చేసిన భాగం, కుర్చీ ఎక్కే వ్యాను, నర్సు, చూసుకోవడానికి జీతానికి మనిషి. మామకు మొదట్లో వికలాంగుల పింఛను నెలకు 500. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000 ఇస్తున్నారు, 2024 నుంచి. అది ఆ రోజుల్లో ఉండి ఉంటే అత్త రెండెకరాలు అమ్మేది కాదు, రాత్రిపూట రెండు గంటలకోసారి లేచి ఒక్కతే పక్క తిప్పే పని తప్పేది. విల్ విషయంలో ఈ చిక్కులన్నీ లేకుండా చేసి, ఇప్పుడు చెప్పండి ఇతను చనిపోవచ్చా అని రచయిత్రి అడుగుతుంది. ప్రశ్న స్పష్టంగా నిలబడుతుంది, నిజమే. కానీ నేను చూసిన ఇళ్ళలో, చచ్చిపోతే బాగుండు అన్న మాట వెనక ‘మీకు భారమైపోయాను’ అన్న మాట ఉంటుంది. ఆ భారంలో సగం పింఛనుతో, ఒక సాయం మనిషితో, వాకిట్లో ఒక ర్యాంపుతో దిగిపోయేది.

పైగా విల్ తను పోతూ లూకి డబ్బు వదిలిపెడతాడు. ఆమె పారిస్‌లో ఒక కెఫేలో కూర్చుని అతని ఉత్తరం చదువుతుంది, ధైర్యంగా బతుకు అంటాడు. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. కానీ ఒక మనిషి చావు ఇంకొక మనిషి ఎదుగుదలకి మెట్టు అవడం నాకు మింగుడుపడదు. ఆ పల్లెలాంటి ఊళ్ళోంచి లూ బయటపడాలంటే ముందు విల్ పోవాలా? బతికున్న విల్‌తో ఆమె పారిస్ వెళ్ళలేదా? ఒకసారి మారిషస్ వెళ్ళినవాళ్ళే కదా.

మారిషస్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. సముద్రం ఒడ్డున లూ తన ప్రేమ చెబుతుంది. విల్ ఆమెను ప్రేమిస్తున్నాడు, అది మనకు తెలుసు. అయినా అది తనకు చాలదంటాడు. పదిహేనో ఏట నుంచి ప్రేమ నవలలు చదువుతున్నాను, తెలుగులో, ఇంగ్లీషులో. అన్నిట్లోనూ ప్రేమ చాలుతుంది. తాగుడు మాన్పిస్తుంది, పొగరు దించుతుంది, జబ్బు నయం చేస్తుంది. ఇది చాలదని చెప్పిన నవల. మొదటి రెండుసార్లూ నాకది క్రూరంగా కనిపించింది. మూడోసారి చదివినప్పుడు ఆ మాట నిజాయితీ తెలిసింది. నీ ప్రేమతో ఆయన లేచి కూర్చుంటాడమ్మా అని మా అత్తతో అన్నవాళ్ళు ఎంతమందో. ఆయన లేవకపోతే ఆమె ప్రేమ తక్కువైందన్నమాటేనా? ప్రేమ చేయగలిగిన పనుల పక్కన చేయలేనివి కూడా రాసినందుకు మోయెస్ మీద గౌరవం పెరిగింది.

చావును కోరుకునే హక్కు మనిషికి లేదని నేను అనను. 2004లో హైదరాబాద్‌లో కె. వెంకటేశ్ అనే 25 ఏళ్ళ కుర్రవాడు, కండరాలు క్షీణించే జబ్బుతో మంచం పట్టి, తన అవయవాలు పాడైపోకముందే చనిపోనివ్వమని, వాటిని దానం చేస్తానని అడిగాడు. తల్లి అతని తరఫున హైకోర్టుకు వెళ్ళింది. చట్టం ఒప్పుకోదని కోర్టు అంది. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. 2018లో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేనివాళ్ళకు ప్రాణాన్ని లాగుతున్న వైద్యాన్ని ఆపించుకునే హక్కును కొన్ని షరతులతో ఒప్పుకుంది. విల్ చేసింది అది కాదు, మన దేశంలో దానికి ఇప్పటికీ అనుమతి లేదు. వెంకటేశ్ కథ ఎప్పుడు తలచుకున్నా, తనకేం కావాలో, ఎందుకు కావాలో అతనే అడిగాడన్నది నా మనసులో నిలబడుతుంది. విల్ నోటి నుంచి కూడా ఆ ఎందుకు అన్నది నాలుగు పేజీలైనా వినాలని నా కోరిక.

పోయిన నెల ఊరికెళ్ళినప్పుడు అత్తకు ఈ కథ చెప్పాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, పుస్తకం చేతిలో పెట్టుకుని సీను సీనుగా తెలుగులో చెప్పుకొచ్చాను. గడ్డం గీసే దగ్గర తలూపింది. లేబుల్ దగ్గర ఆపింది. “పళ్ళతో కొరికిందా?” అని అడిగి, “రాసినామెకు తెలుసు” అంది. స్విట్జర్లాండ్ దాకా వచ్చాక మాట్లాడకుండా చింతగింజలు ఏరుతూ కూర్చుంది. నేను నా వాదన మొదలుపెట్టాను. ఆ పిల్లోడి మనసులో ఏముందో రాయలేదత్తా, అదే నా కోపం అన్నాను.

“మీ మామ కూడా అడిగినాడు పాపా, నన్ను పోనీమని. రెండుసార్లు.”

నాకు తెలియదు. పదకొండేళ్ళలో ఎవరికీ తెలియదు.

“నువ్వేమన్నావత్తా?”

“మొదటిసారి ఏడ్చినాను. రెండోసారి ఏడవలేదు, ఎందుకని అడిగినాను. తెల్లారేదాకా చెప్పినాడు.”

“ఏం చెప్పినాడు?”

అత్త గింజలు చేటలోంచి పక్కకు తోసింది. “అవి నాకు చెప్పినాడు. నీకు చెప్పేవి కావు” అంది. కాసేపాగి, ఆ కచేరీ పేజీ మళ్ళీ ఒకసారి చదవమంది.